ఎనభై ఎనిమిది నిమిషాల నడక

విదేశాల్లో ఉన్న మనందరికీ ఒక ఉమ్మడి భయం ఉంది. అర్ధరాత్రి దాటాక ఫోను మోగడం! ఇక్కడ రాత్రి రెండయితే అక్కడ మధ్యాహ్నం. ఆ వేళప్పుడు ఊరికే కబుర్లు చెప్పుకుందామని ఎవరూ ఫోను చెయ్యరు. చీకట్లో ఫోను తడుముకుంటూ, నంబరు ముందు +91 కనబడగానే గుండె గొంతులోకి రావడం మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది. తీరా ఎత్తితే "ఏం లేదే, నీకు ఆవకాయ పంపాలా, మాగాయ పంపాలా?" అని అమ్మ గొంతు. టైము లెక్క తప్పిందన్నమాట. హమ్మయ్య అనుకుని పడుకుంటాం కానీ ఆ రాత్రికి ఇక నిద్ర రాదు.

ఒక ఫోను కాల్ చుట్టూ తిరిగే సినిమా మమ్మల్ని ఒక యాత్రకి తీసుకెళ్ళింది. ఆ యాత్ర గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు నాన్న "రాయవే అమ్మలూ, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు కాబట్టి రాస్తున్నాను.

2015 వేసవి. అమ్మా నాన్నా విశాఖపట్నం నుంచి మా దగ్గరికి, సియాటిల్ పక్కనున్న బెల్వ్యూకి వచ్చారు. నాన్నకి అప్పటికి డెబ్భై ఒకటి. కోర్టులో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి శిరస్తదారుగా రిటైరయ్యారు. ఇంట్లో ఏ చిన్న తగవు వచ్చినా "సాక్ష్యం ఏది?" అని అడగడం ఆయన అలవాటు. లడ్డూ ఎవరు తిన్నారన్న కేసులో కూడా మా పిల్లలిద్దరినీ విడివిడిగా విచారించాకే తీర్పు! చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. అందుకని ఒక శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక, మావారు "మావయ్యగారూ, మన సియాటిల్ కథతో తీసిన క్రైమ్ థ్రిల్లర్ ఒకటుంది, చూద్దామా?" అని "88 మినిట్స్" పెట్టారు.

ఆల్ పచీనో హీరో. జాన్ ఆవ్నెట్ దర్శకుడు. అమెరికాలో 2008 ఏప్రిల్‌లో విడుదలైంది. హీరో ఫోరెన్సిక్ సైకియాట్రిస్టు, అంటే నేరస్థుల మనస్తత్వాన్ని పరిశీలించి కోర్టుకి సాక్ష్యం చెప్పే నిపుణుడు. యూనివర్సిటీలో పాఠాలు కూడా చెబుతుంటాడు. ఆయన సాక్ష్యం మీద ఒక హంతకుడికి మరణశిక్ష పడుతుంది. శిక్ష అమలు కావలసిన రోజునే ఆయనకి ఒక ఫోను వస్తుంది. "నువ్వు బతికేది ఇంకా ఎనభై ఎనిమిది నిమిషాలే" అని. అక్కణ్ణించి పరుగే పరుగు. ఫోను చేసిందెవరు? శిక్ష పడ్డవాడు నిజంగా హంతకుడేనా? లేక నిపుణుడి సాక్ష్యంలోనే లోపముందా? ముగింపు చెప్పను, చూసేవాళ్ళు చూసుకుంటారు. విమర్శకులు మాత్రం ఈ సినిమాని బాగా చీల్చి చెండాడారు. హింస ఎక్కువ, అమెరికాలో R రేటింగు. కాబట్టి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి.

సినిమా సగంలో నాన్న సోఫాలో ముందుకి వంగారు.

"అమ్మలూ, ఇది మీ ఊరేనా? మొన్న మనం నడిచిన వీధుల్లో ఒక్కటీ కనబడదేం?"

మావారు నవ్వేశారు. "పట్టేశారు మావయ్యగారూ! కథ సియాటిల్‌ది, షూటింగు చాలా భాగం కెనడాలో, వాంకూవర్‌లో."

"అయితే ఆ ఊరు దొంగసాక్ష్యం చెప్పిందన్నమాట!" అన్నారు నాన్న. "అంత బాగా ఇంకో ఊరిలా నటించిన ఊరిని ఒకసారి చూడాలి."

అదీ మా యాత్రకి కారణం. పొద్దున్నే పిల్లలకి కథలో భయపెట్టే భాగాలు తీసేసి, "ఒక డాక్టరుగారికి ఎనభై ఎనిమిది నిమిషాలే టైమిచ్చారు, ఆయన తప్పించుకోవాలి" అని చెబితే మావాడు ఎగిరి గంతేశాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. కొత్తగా కొన్న చేతి గడియారంలో స్టాప్‌వాచ్ ఉంది. "తాతయ్యా, మనం కూడా 88 మినిట్స్ ఆట ఆడదాం!" అన్నాడు.

అమ్మా నాన్నల దగ్గరున్నది అమెరికా సందర్శకుల వీసా. కెనడాకి వేరే వీసా కావాలి. కాగితాలన్నీ పెట్టి, అవి తిరిగొచ్చేసరికి ఆగస్టు వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున్నే పులిహోర, దద్దోజనం, మజ్జిగ మిరపకాయలు కట్టుకుని బయల్దేరాం. సియాటిల్ నుంచి వాంకూవర్‌కి సుమారు 140 మైళ్ళు. ఐ-5 రహదారి మీద ఉత్తరంగా పోతూ ఉంటే సరిహద్దు దగ్గర తెల్లగా పీస్ ఆర్చ్ కనిపిస్తుంది. రెండు దేశాల మధ్య శాంతికి గుర్తుగా 1921లో కట్టిన తోరణం అది. ఎత్తు 67 అడుగులు. ఒక కాలు అమెరికాలో, ఒక కాలు కెనడాలో అన్నమాట. మా అమ్మాయి తోరణం కింద అటూ ఇటూ గెంతుతూ "నౌ ఐయామ్ ఇన్ కెనడా, నౌ ఐయామ్ నాట్" అని పాట కట్టింది. అమ్మ మాత్రం "ఇంత పచ్చగడ్డి మధ్యలో గీత ఎక్కడ గీశారే?" అని వెతికింది.

పార్కింగు నుంచి తోరణం దాకా నడవడానికి నాన్న రెండుసార్లు ఆగారు. ఒకసారి చెప్పుల పట్టీ సర్దుకోవడానికి, ఇంకోసారి పూలమడి చూడడానికి. నేను పట్టించుకోలేదు.

సరిహద్దులో ఆఫీసరు "కెనడాకి ఎందుకొచ్చారు?" అని అడిగితే నాన్న నాకంటే ముందు, కోర్టు ఇంగ్లీషులో, "టు ఇన్‌స్పెక్ట్ ద సీన్ ఆఫ్ ఎ ఫిల్మ్, సర్" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి! ఆఫీసరు ఒక క్షణం చూసి, నవ్వి, "అయితే మీరు చాలా వీధులు తిరగాలి" అని పంపించేశాడు.

ఆయనన్నది నిజమే. వాంకూవర్‌కి హాలీవుడ్ నార్త్ అని పేరు. లాస్ ఏంజెలిస్ నుంచి విమానంలో మూడు గంటల దూరం. కెనడా డాలరు చవక. 1990ల చివరి నుంచి ప్రభుత్వం సినిమా వాళ్ళకి పన్ను రాయితీలు కూడా ఇస్తోంది. సముద్రం, కొండలు, దేవదారు అడవులు, అద్దాల మేడలు, పాత ఇటుక వీధులు అన్నీ ఒక గంట దూరంలో దొరుకుతాయి. అందుకే ఈ ఊరు ఎన్ని వేషాలు వేసిందో! "ఎక్స్-ఫైల్స్" సీరియల్ మొదటి అయిదు సీజన్లు ఇక్కడే తీశారు. సియాటిల్ పోలీసుల కథ "ద కిల్లింగ్" కూడా ఇక్కడే. 1995లో విడుదలైన జాకీ చాన్ "రంబుల్ ఇన్ ద బ్రాంక్స్" ఇక్కడే తీశారు. కథ న్యూయార్క్‌లో జరుగుతుంది, వెనకాల మాత్రం మంచు కొండలు దర్జాగా కనిపిస్తుంటాయి! న్యూయార్క్ వాళ్ళు ఎంత నవ్వుకున్నారో.

మనకిది కొత్తేం కాదు. హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలో విమానాశ్రయం, రైల్వే స్టేషను సెట్లు పక్కపక్కనే ఉంటాయి. హీరో అమలాపురంలో కన్నుమూసి స్విట్జర్లాండ్‌లో కన్ను తెరిస్తే మనం కిక్కురుమనకుండా చూడలేదా? అందుకే నాన్న వాంకూవర్‌ని వెంటనే క్షమించేశారు. పైగా ఊళ్ళో అడుగుపెట్టగానే, "ఇది సియాటిల్ కాదు, మన విశాఖపట్నమే! అదిగో కొండ, ఇదిగో సముద్రం. డాల్ఫిన్స్ నోస్ ఒక్కటే తక్కువ" అని తేల్చారు.

సాయంత్రం గాస్‌టౌన్‌కి వెళ్ళాం. వాటర్ స్ట్రీట్, కాంబీ స్ట్రీట్ కలిసే మూల మీద ఆవిరి గడియారం ఉంది. ఇత్తడి పనితనం, నాలుగు వైపులా ముఖాలు, పైనుంచి బుస్సుమని ఆవిరి. పావుగంటకోసారి ఈలలతో రాగం తీస్తుంది. చుట్టూ జనం కెమెరాలు పట్టుకుని ఆ పావుగంట కోసం కాచుకుని ఉంటారు. విక్టోరియా రాణి కాలం నాటిదేమో అనుకున్నాం. కాదట, 1977లో పెట్టిందట! ఊరి నడిబొడ్డున భవనాలను వెచ్చబరచడానికి భూమి కింద వేసిన గొట్టాల నుంచి దానికి ఆవిరి వస్తుంది. "ఇది కూడా వేషమేనా?" అంది మా అమ్మాయి. "వేషం పాతది, టైము మాత్రం నిజం" అన్నారు తాతగారు.

అక్కణ్ణించి రాబ్సన్ స్క్వేర్. ఇక్కడున్న వాంకూవర్ ఆర్ట్ గ్యాలరీ ఒకప్పటి కోర్టు భవనం. ఫ్రాన్సిస్ రాటెన్‌బరీ అనే ఆయన డిజైను చేశారు. 1983లో బొమ్మల కొలువు ఇందులోకి మారింది. జార్జియా స్ట్రీట్ వైపు రాతి స్తంభాలు, మెట్లకి రెండు పక్కలా రాతి సింహాలు. కోర్టు అనగానే నాన్నకి ప్రాణం లేచొచ్చింది. మెట్లెక్కబోయి, మధ్యలో సింహం దగ్గర ఆగి, దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. పులకించిపోయారనుకున్నాను.

ఆ మెట్ల మీదే కూర్చుని పిల్లలకి ఒక పాఠం చెప్పారు. నాకిప్పటికీ గుర్తుంది.

"సినిమాలో డాక్టరుగారు చెప్పారు కాబట్టి శిక్ష పడింది అన్నారు కదర్రా, అది పొరపాటు. మన దేశంలో 1872 నాటి సాక్ష్యాల చట్టం ఉంది. అందులో 45వ సెక్షను. చేతిరాత నిపుణుడు, వేలిముద్రల నిపుణుడు, డాక్టరు, వీళ్ళు కోర్టుకి చెప్పేది అభిప్రాయం. ఒపీనియన్! తీర్పు కాదు. దాన్ని మిగతా సాక్ష్యాలతో తూచి చూసి తీర్పు చెప్పేది జడ్జిగారు. నిపుణుడు జడ్జి కుర్చీలో కూర్చోకూడదు."

(ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. నిపుణుల అభిప్రాయం ఇప్పుడు 39వ సెక్షన్‌లో ఉంది. ఈ మాట కూడా రాయమని నాన్న ప్రత్యేకంగా చెప్పారు!)

మర్నాడు పొద్దున్న స్టాన్లీ పార్కు. నాలుగు వందల హెక్టార్ల అడవి, నగరం ఒడిలో. అంటే సుమారు వెయ్యి ఎకరాలు. దాని చుట్టూ సముద్రాన్ని ఆనుకుని రాతి గోడ, ఆ గోడ మీద నడిచే దారి. దాన్ని సీవాల్ అంటారు. పార్కు చుట్టూ తిరిగి రావాలంటే తొమ్మిది, పది కిలోమీటర్లు. ఎడమ పక్క దేవదారు చెట్లు, కుడి పక్క నీళ్ళు, నీళ్ళ అవతల నీలి కొండలు. గోడ కట్టడం 1917లో మొదలైంది. జేమ్స్ కన్నింగ్‌హామ్ అనే తాపీ మేస్త్రీ దశాబ్దాల తరబడి దీనికే అంకితమయ్యాడు. రిటైరయ్యాక కూడా వచ్చి పని చూసుకునేవాడట. 1963లో పోయాడు. గోడ చుట్టూ తిరిగి కలుసుకున్నది ఆ తర్వాతే.

కోల్ హార్బర్ వైపు నుంచి బయల్దేరాం. మావాడు స్టాప్‌వాచ్ నొక్కాడు. "ఎయిటీ ఎయిట్ మినిట్స్! తాతయ్యా, మనం ఆ బ్రిడ్జి దాటి సివాష్ రాక్ దాకా వెళ్ళాలి. వెళ్తే గెలిచినట్టు."

ముందు నాన్న, నేను, మావాడు. వెనకాల అమ్మ, మావారు, అమ్మాయి. పడవల క్లబ్బు దాటాం. బ్రాక్టన్ పాయింట్ దగ్గర టోటెమ్ స్తంభాలు చూశాం. ఈ తీరప్రాంతపు ఆదివాసులు ఒకే చెట్టు మానులో గద్ద, ఎలుగుబంటి, తిమింగలం చెక్కి నిలబెట్టినవి. మన ధ్వజస్తంభం గుర్తొచ్చింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి పేల్చే పాత ఫిరంగి చూశాం. ఎర్ర చారల దీపస్తంభం దాటాం. నీళ్ళలో బండ మీద కూర్చున్న అమ్మాయి కంచు విగ్రహం చూశాం. మావాడు ప్రతి పది నిమిషాలకీ టైము ప్రకటిస్తున్నాడు. "థర్టీ గాన్! ఫార్టీ గాన్!"

అరవై ఒకటో నిమిషంలో నాన్న ఒక బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఎదురుగా లయన్స్ గేట్ వంతెన. 1938లో కట్టింది, ఆకాశంలో ఆకుపచ్చ గీతలా ఉంటుంది. నాన్న దాన్ని చూడడం లేదు. అరచేయి ఛాతీ మీద ఉంది. నుదుటి మీద చెమట. ఆగస్టయినా గాలి చల్లగానే ఉంది.

"నాన్నా, ఏమయింది?"

"ఏం లేదమ్మలూ. కాస్త ఆయాసం. రెండు నిమిషాలు."

మావాడు దగ్గరికొచ్చి, "తాతయ్యా, వాచ్ ఆపనా?" అన్నాడు.

"వద్దురా. నడవనీ. వాచ్ ఆపితే టైము ఆగుతుందా!"

వాణ్ణి నీళ్ళ సీసా తెమ్మని వెనక్కి పంపాను. అప్పుడు, ముప్ఫై అయిదేళ్ళు ఇతరుల సాక్ష్యాలు ఫైలు చేసిన మా నాన్న, తన సాక్ష్యం తనే చెప్పారు. బయల్దేరే ముందు నెలలో అక్కడ గుండె డాక్టరుకి చూపించుకున్నారట. గుండెలో ఒక కవాటం సన్నబడిపోయిందట. ఆపరేషను చేసి మార్చాలన్నారు, లేకపోతే రెండేళ్ళు కష్టం అన్నారట. "చేయించుకుంటాను, ముందు పిల్లల్ని చూసి వస్తాను" అని టిక్కెట్టు కొనుక్కుని వచ్చేశారు. అమ్మకి తెలుసు. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. చెప్పుల పట్టీ, పూలమడి, రాతి సింహం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. డిటెక్టివ్ సినిమా చూసి తప్పులు పట్టిన ఇంట్లో, కళ్ళ ముందున్న క్లూలు ఒక్కటీ పట్టలేకపోయాను. పన్నెండు వేల కిలోమీటర్ల దూరాన ఉన్నప్పుడు తెలియలేదంటే సరే. మూడు నెలల నుంచి ఒకే కప్పు కింద ఉండి కూడా తెలియలేదే!

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్తే ఏం చేసేదానివి? ఇక్కడికొచ్చి కూడా ఆస్పత్రులే తిరిగేవాళ్ళం. నాకు మనవలతో ఆడుకోవాలనుంది. అయినా డాక్టరు చెప్పింది ఏమిటి? ఎక్స్‌పర్ట్ ఒపీనియన్. తీర్పు కాదు కదా!"

ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది. ఆయన కూతుర్నే కదా నేను కూడా.

"నిన్న మెట్ల మీద మీరే చెప్పారు. నిపుణుడి మాట తీర్పు కాదు, నిజమే. కానీ దాన్ని తూచి చూడాలన్నారు. మీరు తూచారా? ఫైలు మూసి సంచీలో పెట్టుకుని విమానం ఎక్కారు. ఇంకో డాక్టర్ని అడిగారా? అప్పీలు చేశారా? జడ్జిగారు లేకుండానే కేసు కొట్టేశారు నాన్నా మీరు!"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మావారు ఏమీ అడగకుండా వచ్చి నాన్న పక్కన కూర్చుని నాడి పట్టుకున్నారు. అమ్మ సంచీలోంచి మందు బిళ్ళ తీసి ఇచ్చింది. ఆయాసం మెల్లగా తగ్గింది. ఒక పెద్ద తెల్ల ఓడ వంతెన కిందనుంచి వెళ్ళింది.

"సరే. అప్పీలు చేద్దాం" అన్నారు చివరికి.

సరిగ్గా అప్పుడే మావాడి గడియారం పీ పీమని మోగింది. ఎనభై ఎనిమిది నిమిషాలు! వాడికి మా మాటలేవీ తెలియవు. రెండు చేతులూ పైకెత్తి గోడ మీద గంతులేస్తూ అరిచాడు. "తాతయ్య ఈజ్ అలైవ్! తాతయ్య గెలిచాడు!"

సివాష్ రాక్ చూడకుండానే వెనక్కి వచ్చేశాం. ఆ గోడ దగ్గరికి కారు తెప్పించుకుని నాన్నని ఎక్కించాం. ఇంటికొచ్చాక మా స్నేహితుల్లో ఒక కార్డియాలజిస్టు పాత రిపోర్టులన్నీ చూసి, మొదటి డాక్టరు చెప్పింది సరైనదేననీ, ఆలస్యం చెయ్యొద్దనీ అన్నారు. అప్పీలులో కూడా అదే తీర్పు! కానీ తీర్పులో ఇంకో వాక్యం కూడా ఉందని నాన్నకి అప్పుడు అర్థమయింది. "ఆపరేషను లేకపోతే" రెండేళ్ళు అన్నారు. నాన్న భయం కొద్దీ "రెండేళ్ళు" అన్నది మాత్రమే చెవిన వేసుకుని, ముందున్న మాట వదిలేశారు. నిపుణుడు బెదిరించలేదు, దారి చెప్పాడు. సినిమాలో ఫోను చేసినవాడికీ మన డాక్టరుకీ తేడా అదే.

టిక్కెట్లు ముందుకి జరిపి నేనూ వాళ్ళతో వెళ్ళాను. నవంబరులో హైదరాబాదులో ఆపరేషను. అయిదు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చి "బాగా జరిగిందమ్మా" అనగానే ఫోను తీసి మావారికి చేశాను. బెల్వ్యూలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. మొదటి రింగుకే ఎత్తారు. "ఏమయింది?" అన్న ఆ గొంతులో వణుకు విన్నాక తెలిసింది, అర్ధరాత్రి ఫోను అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో. "అంతా బాగుంది" అన్నాను. ఆ వేళప్పుడు మంచి కబురు మోసుకొచ్చే ఫోన్లు కూడా ఉంటాయి.

2018 వేసవిలో నాన్న మళ్ళీ వచ్చారు. రాగానే "ఆ కేసు పెండింగులో ఉంది" అన్నారు. మళ్ళీ కెనడా వీసా, మళ్ళీ పులిహోర, మళ్ళీ అదే గోడ. ఈసారి మావాడు స్టాప్‌వాచ్ ఇంట్లోనే వదిలేశాడు. వాడికి అప్పటికి విషయం తెలుసు. ఎన్నిసార్లు కూర్చోవాలంటే అన్నిసార్లు కూర్చుంటూ, వంతెన కిందనుంచి దాటి, మధ్యాహ్నానికి సివాష్ రాక్ చేరాం.

నీళ్ళలోంచి నిటారుగా లేచిన ఒంటరి రాయి అది. నెత్తిన చిన్న చెట్టు. స్క్వామిష్ ప్రజల్లో దీనికో కథ ఉంది. ఆ కథని చీఫ్ జో కాపిలానో దగ్గర విని, పాలిన్ జాన్సన్ అనే కవయిత్రి 1911లో పుస్తకంలో రాశారు. పూర్వం ఒక యువకుడు, బిడ్డ పుట్టబోయే వేళ, తండ్రి శుచిగా ఉండాలన్న నియమంతో ఇక్కడ ఈదుతున్నాడట. దేవుడు పంపిన దూతలు పడవలో వచ్చి దారి తప్పుకోమన్నారట. తప్పుకోకపోతే ప్రాణానికే ముప్పన్నా, "నా బిడ్డ కోసం ఈదుతున్నాను, ఆగను" అని అతను ఈదుతూనే ఉన్నాడట. వాళ్ళు మెచ్చి, తండ్రి అనేవాడికి గుర్తుగా అతన్ని ఎప్పటికీ చెరగని రాయిగా నిలబెట్టారట.

కథ చెప్పాక మా అమ్మాయి తాతగారి చెయ్యి పట్టుకుంది. నాన్న ఆ రాయిని చూస్తూ, "వీడెవడో నాకంటే మొండివాడిలా ఉన్నాడే!" అన్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

నాన్నకి ఇప్పుడు ఎనభై దాటాయి. రోజూ పొద్దున్నే రామకృష్ణా బీచ్‌లో నడుస్తారు. ఎంతసేపు నడిచారో ఫోనులో చెబుతారు. మా మధ్య ఇప్పుడొక ఒప్పందం ఉంది. ఒంట్లో ఏ నలత వచ్చినా దాచకూడదు, మంచయినా చెడయినా అర్ధరాత్రయినా సరే ఫోను చెయ్యాలి.

పిల్లలూ, మీ తాతయ్య, బామ్మ, అమ్మమ్మ ఈ వేసవికి వస్తే, వాళ్ళతో నడకకి వెళ్ళండి. వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. పెద్దవాళ్ళు పూల మొక్కని చూస్తూ మరీ ఎక్కువసేపు నిలబడితే, అది పూల కోసమేనా అని ఒకసారి మెల్లగా అడగండి.

వెళ్ళాలనుకునే వారికి: అమెరికా సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి కెనడా వీసా విడిగా కావాలి. తిరిగి అమెరికాలోకి వచ్చే నియమాలు కూడా ముందే చూసుకుని దరఖాస్తు చెయ్యండి. సరిహద్దులో తినే పదార్థాలు ఏమున్నాయో దాచకుండా చెప్పండి, ముఖ్యంగా పళ్ళు. సీవాల్ మీద సైకిళ్ళ వాళ్ళు గడియారం ముళ్ళకి ఎదురు దిశలోనే వెళ్ళాలి. నడిచేవారికి ఆ నియమం లేదు, వాళ్ళ దారి వేరే. శీతాకాలంలో తుఫాను గాలులున్నప్పుడు దారిలో కొన్ని భాగాలు మూసేస్తుంటారు, చూసుకుని వెళ్ళండి. దారి పొడవునా బెంచీలున్నాయి. స్టాప్‌వాచ్ అవసరం లేదు.